గద్వాల చీరల సైట్‌లో జపాన్ అక్షరాలు: మీ వెబ్‌సైట్‌ను హ్యాకింగ్ నుంచి కాపాడుకోవడం ఎలా

దసరాకు ఇరవై రోజుల ముందు గద్వాల నుంచి ఒక చీరల దుకాణం ఆయన ఫోన్ చేశాడు. "తమ్మీ, గూగుల్ల మన దుకాణం పేరు కొడితే కిందంత జపాన్ భాష వస్తుంది, నువ్వేమన్న మార్చినవా?" నేనేమీ మార్చలేదు. సైట్ తయారు చేసింది వేరేవాళ్లు, ఆర్నెల్ల నుంచి నేను చూసుకుంటున్నాను. తెరిచి చూస్తే అంతా మామూలుగానే ఉంది. చీరల ఫోటోలు, ధరలు, ఫోన్ నంబరు, ఎక్కడివక్కడే. గూగుల్‌లో ఇంగ్లీషులో 'సైట్' అని కొట్టి, కోలన్ పెట్టి, పక్కనే ఆయన డొమైన్ పేరు వేసి వెతికాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మేం ఎన్నడూ పెట్టని పేజీలు వందలకొద్దీ ఉన్నాయి, అన్నీ జపాన్ భాషలో నకిలీ బ్రాండ్ వస్తువులు అమ్మేవే.

దీన్ని జపనీస్ కీవర్డ్ హ్యాక్ అంటారు. లోపలికి చొరబడ్డ కోడ్ వచ్చింది మనిషా, గూగుల్ బాటా (పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రామ్) అని చూసుకుంటుంది. మనిషైతే అసలు పేజీ, బాట్ అయితే దొంగ పేజీ. అందుకే దుకాణం ఆయనకు అన్నాళ్లూ తెలియలేదు. పండగ గిరాకీ అంతా ఆ సైట్ మీదే పెట్టుకున్న మనిషి, నేత నేసేవాళ్లకు ముందే అడ్వాన్సులు ఇచ్చి ఉన్నాడు. ఆ రోజు ఆయన గొంతులో ఉన్న టెన్షన్ నాకింకా గుర్తుంది, ఇది రాయడానికి కారణం కూడా అదే.

మన పాలమూరు, నల్లగొండ వైపు ఇప్పుడు ప్రతి దానికీ సైట్ ఉంది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు ఉంది, నారాయణపేట చీరలకు ఉంది, జూనియర్ కాలేజీలకు, డయాగ్నస్టిక్ సెంటర్లకు ఉంది. ఒకసారి డబ్బులిచ్చి చేయించుకుంటారు, తర్వాత దాని ముఖం చూసేవాళ్లుండరు. అడిగితే అందరిదీ ఒకటే మాట, "మాది చిన్న సైట్, మమ్మల్ని ఎవరు హ్యాక్ చేస్తారు" అని. నిజానికి మిమ్మల్ని ఎవరూ పేరు పెట్టి వెతకడం లేదు. బాట్‌లు ఇంటర్నెట్ అంతా తిరుగుతూ ప్రతి తలుపూ తోసి చూస్తుంటాయి, గడియ పెట్టనిది దొరికితే లోపలికి వెళ్తాయి, అది అమెరికా బ్యాంకుదా, అచ్చంపేట కిరాణా కొట్టుదా అన్నది వాటికి పట్టదు. నమ్మకం లేకపోతే మీ హోస్టింగ్‌లో యాక్సెస్ లాగ్ (సైట్‌కు ఎవరెవరు వచ్చారో రాసుకునే ఫైల్) తెరిచి చూడండి. మీ సైట్‌లో వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) లేకపోయినా వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం వచ్చిపోయిన రిక్వెస్టులు కనిపిస్తాయి.

నేను ఇక్కడ మాట్లాడేది డైనమిక్ సైట్ల గురించి, అంటే లాగిన్, వెతికే బాక్స్, ఫారం, కార్ట్, వీటిలో ఏదో ఒకటి ఉండి వెనక డేటాబేస్ నుంచి పేజీ తయారయ్యేవి. మన దగ్గర ఎక్కువ పీహెచ్‌పీ భాష, మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీదే నడుస్తాయి కాబట్టి ఉదాహరణలు వాటివే ఇస్తాను, పైథాన్, నోడ్ వాళ్లకు కూడా సూత్రం ఇదే.

ముందు ఒక్క మాట పట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. బ్రౌజర్ నుంచి వచ్చేది ఏదైనా సరే, ముక్కూ మొహం తెలియని మనిషి చేతికిచ్చిన చీటీ. ఫారంలో నింపింది, లింకు చివర నంబరు, కుకీ (సైట్ బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తు), హిడెన్ ఫీల్డ్ (ఫారంలో కంటికి కనిపించని గడి), ఎక్కించిన ఫోటో పేరు, ఆఖరికి డ్రాప్‌డౌన్‌లో మనమే ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో ఎంచుకున్నది కూడా. "జావాస్క్రిప్ట్‌తో చెకింగ్ పెట్టినం కదా" అంటారు. అది మంచి కస్టమర్ పొరపాటున తొమ్మిది అంకెల ఫోన్ నంబరు కొట్టకుండా చూడటానికి పనికొస్తుంది, దొంగను ఆపదు. వాడు మీ ఫారం తెరవకుండానే నేరుగా సర్వర్‌కు తనకు కావలసింది పంపగలడు. చెకింగ్ సర్వర్‌లో జరగాలి.

హాల్‌టికెట్ బాక్స్‌లో ఒక్క కొటేషన్ గుర్తు

నల్లగొండలో ఒక కాలేజీ ఇంటర్నల్ పరీక్షల ఫలితాల పేజీ చూడమని నన్ను పిలిచారు. హాల్‌టికెట్ నంబరు కొడితే మార్కులు వస్తాయి. కోడ్ తెరిస్తే పిల్లవాడు కొట్టిన నంబరును ఉన్నదున్నట్టుగా క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగే వాక్యానికి, అతికించి ఉంది. కొట్టింది 2405117 అయితే డేటాబేస్‌కు చేరేది ఇది:

సెలెక్ట్ * ఫ్రమ్ మార్కులు వేర్ హాల్‌టికెట్ = '2405117'

ఇప్పుడు నంబరుకు బదులు ఎవరైనా ' ఆర్ '1'='1 అని కొట్టారనుకోండి, అది ఇలా మారుతుంది:

సెలెక్ట్ * ఫ్రమ్ మార్కులు వేర్ హాల్‌టికెట్ = '' ఆర్ '1'='1'

మొదటి కొటేషన్ గుర్తు మన కొటేషన్‌ను మూసేసింది, ఆ తర్వాత కొట్టినదంతా డేటాబేస్‌కు సమాచారంలా కాక ఆజ్ఞలా కనిపించింది. ఒకటి ఎప్పుడైనా ఒకటికి సమానమే కదా, కాబట్టి కాలేజీలో అందరి మార్కులూ తెర మీదకు వస్తాయి. అంతటితో ఆగదు, యూనియన్ అనే మాట వాడి అదే బాక్స్ నుంచి అడ్మిన్ పాస్‌వర్డ్‌ల టేబుల్‌ను కూడా లాగవచ్చు. ఇదే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. 1998లోనే దీని గురించి బయట రాశారు, ఇప్పటికీ కొత్త సైట్లలో కనిపిస్తూనే ఉంది.

కొటేషన్ గుర్తులను వెతికి తీసేయడం, 'సెలెక్ట్' అనే మాట ఉంటే ఆపేయడం లాంటి చిట్కాలతో కుస్తీ పట్టకండి, వాటిని దాటే దారులు చాలా ఉన్నాయి. సరైన మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. క్వెరీలో విలువ ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తు పెట్టి, వేర్ హాల్‌టికెట్ = ? అని ముందే డేటాబేస్‌కు చెప్తాం, విలువను విడిగా పంపుతాం. అప్పుడు వాడు ఏం కొట్టినా అది వట్టి హాల్‌టికెట్ నంబరుగానే వెళ్తుంది, అలాంటి నంబరు లేదు కాబట్టి ఏమీ రాదు. పీహెచ్‌పీలో డేటాబేస్‌తో మాట్లాడటానికి పీడీఓ వాడినా, మై ఎస్‌క్యూఎల్ఐ వాడినా ప్రిపేర్, ఎగ్జిక్యూట్ రెండూ ఉంటాయి. పాత పద్ధతిలో మై ఎస్‌క్యూఎల్ అండర్‌స్కోర్ క్వెరీ అని రాసిన కోడ్ మీ దగ్గరుంటే అది మార్చక తప్పదు, ఆ ఫంక్షన్లను 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే పూర్తిగా తీసేశారు. ఆ కోడ్ ఇంకా నడుస్తోందంటే మీ సర్వర్‌లో అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయిన పీహెచ్‌పీ ఉన్నట్టు.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. ప్రశ్న గుర్తు విలువలకే పనిచేస్తుంది, కాలమ్ పేర్లకు పనిచేయదు. 'ధర ప్రకారం చూపించు, పేరు ప్రకారం చూపించు' అనే ఆప్షన్ ఉంటే ఆ కాలమ్ పేరును లింకు నుంచి తీసుకుని క్వెరీకి అతికిస్తారు, మళ్లీ కథ మొదటికే వస్తుంది. అలాంటి చోట అనుమతించే పేర్ల చిన్న జాబితా కోడ్‌లోనే పెట్టుకోండి, వచ్చింది ఆ జాబితాలో ఉంటేనే వాడండి.

ఇంకో రెండు పనులు దీంతోపాటే చేసేయండి. సైట్ వాడే డేటాబేస్ యూజర్‌కు అన్ని హక్కులూ ఇవ్వొద్దు, ఫలితాలు చూపించే పేజీకి చదివే హక్కు చాలు, టేబుల్ చెరిపేసే హక్కుతో దానికి పని లేదు. లైవ్ సైట్‌లో డిస్‌ప్లే ఎర్రర్స్ ఆఫ్ చేసి, తప్పులను లాగ్ ఫైల్‌లోకి మళ్లించండి, లేకపోతే టేబుళ్ల పేర్లు, ఫోల్డర్ దారి అన్నీ మనమే వాడికి చదివి వినిపించినట్టవుతుంది.

పక్కవాళ్ల రసీదు, ఒక్క రూపాయి చీర

అదే కాలేజీ సైట్‌లో ఫీజు రసీదు లింకు చివర 1045 అని ఉంది. దాన్ని 1046 చేసి ఎంటర్ నొక్కితే వేరే అమ్మాయి రసీదు వచ్చింది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరుతో సహా. దీనికి హ్యాకింగ్ తెలియాల్సిన అవసరం కూడా లేదు, అంకెలు వచ్చిన ఎవరైనా చేయగలరు. ఆడపిల్లల ఫోన్ నంబర్లు అలా బయట పడి ఉండటం చూసి నాకు నిజంగా భయమేసింది. ప్రిన్సిపాల్ సార్‌కు ఫోన్ చేసి ఆ పేజీ అప్పటికప్పుడే మూసేయించాను. ఓవాస్ప్ అనే సంస్థ వెబ్ లోపాల మీద పెద్ద పది జాబితా ఇస్తుంటుంది, దాని 2021 జాబితాలో మొదటి స్థానం ఈ రకం లోపానిదే.

లాగిన్ అయ్యాడా లేదా అని చూడటం సగం పనే. లాగిన్ అయినవాడికి ఈ రసీదు చూసే హక్కు ఉందా అన్నది ప్రతి పేజీలో, ప్రతిసారీ సర్వర్ అడగాలి. క్వెరీలోనే వేర్ రసీదు = ? అండ్ విద్యార్థి = ? అని రాసి, విద్యార్థి నంబరును సెషన్ (లాగిన్ అయినవాడెవరో సర్వర్ గుర్తుపెట్టుకునేది) నుంచి తీసుకోండి, లింకు నుంచి కాదు. అడ్మిన్ పేజీలకు కూడా అంతే, మెనూలో లింకు దాచిపెడితే సరిపోదు, అడ్రస్ తెలిసినవాడు నేరుగా కొట్టి వస్తాడు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. చీర ధరను ఫారంలో హిడెన్ ఫీల్డ్‌గా పెట్టి, పేమెంట్‌కు అదే పంపే కోడ్ నేను చాలాసార్లు చూశాను. బ్రౌజర్‌లో ఎఫ్ 12 నొక్కి 14000 ఉన్న చోట 1 పెడితే పద్నాలుగు వేల గద్వాల చీర ఒక్క రూపాయికి బుక్ అవుతుంది. బ్రౌజర్ నుంచి చీర నంబరు, ఎన్ని కావాలి అన్నది మాత్రమే తీసుకోండి, అది కూడా సున్నా కన్నా ఎక్కువే అని చూసి, ధర డేటాబేస్ నుంచి తీసుకుని సర్వర్‌లో లెక్క కట్టండి. డబ్బులు వచ్చాయన్న కబురు కూడా బ్రౌజర్ చెప్తే నమ్మొద్దు. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బులు తీసుకుని పెట్టే సర్వీసు) పంపే సిగ్నేచర్‌ను మీ రహస్య కీతో సరిచూసి, మొత్తం సరిపోయాకే ఆర్డర్ ఖాయం చేయండి.

కామెంట్‌లో దాగిన కోడ్

కస్టమర్ రివ్యూ రాసే బాక్స్‌లో "చీర బాగుంది" అని కాకుండా <స్క్రిప్ట్> అని మొదలుపెట్టి జావాస్క్రిప్ట్ రాస్తే, మీ పేజీ దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తే, ఆ పేజీ తెరిచిన ప్రతి ఒక్కరి బ్రౌజర్‌లో ఆ కోడ్ నడుస్తుంది. అడ్మిన్ లాగిన్‌లో ఉండి ఆ రివ్యూ చూస్తే అడ్మిన్ చేయగల పనులన్నీ అది చేయగలదు. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటే ఇదే. 2005 అక్టోబర్‌లో సామీ కామ్‌కార్ అనే యువకుడు మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్ సైట్‌లో తన ప్రొఫైల్‌లో ఇలాంటి కోడ్ పెడితే, చూసినవాళ్ల ప్రొఫైళ్లకు అది తనంతట తానే అంటుకుంటూ ఒక్క రోజు తిరక్కముందే పది లక్షల మందికి పైగా పాకింది.

విలువను పేజీలో చూపించే చోట హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యార్స్ ఫంక్షన్ గుండా పంపండి. అప్పుడు < గుర్తు కోడ్‌గా కాక వట్టి అక్షరంగా కనిపిస్తుంది. డేటాబేస్‌లోకి వెళ్లేటప్పుడు చేయడం కాదు, బయటకు చూపించేటప్పుడు చేయడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే అదే విలువ రేపు ఎస్ఎంఎస్‌లోకో ఎక్సెల్‌లోకో వెళ్లొచ్చు. సైట్లు కట్టడానికి వాడే లారావెల్‌లో డబుల్ మీసాల బ్రాకెట్లు, రియాక్ట్ ఇవన్నీ మామూలుగా ఈ పని వాటంతట అవే చేస్తాయి, మనం కావాలని ఆపకుండా ఉంటే చాలు. సెషన్ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ, సెక్యూర్, సేమ్‌సైట్ అనే మూడు గుర్తులూ పెట్టండి. మొదటిది ఉంటే స్క్రిప్ట్ ఆ కుకీని చదవలేదు. డబ్బులు, పాస్‌వర్డ్, చెరిపేయడం లాంటి పనులు చేసే ప్రతి ఫారంలో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఆ ఫారం మీ సైట్ నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) ఉండాలి, లేకపోతే వేరే సైట్‌లో ఉన్న బటన్ నొక్కినా మీ సైట్‌లో పని జరిగిపోయే ప్రమాదం ఉంది.

గద్వాల సైట్‌లోకి ఎలా వచ్చారు

ఫైళ్లను మార్చిన తేదీ ప్రకారం పేర్చి చూశాను. ఫోటోలు ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో, చీరల ఫోటోల మధ్య, డాట్ పీహెచ్‌పీతో ముగిసే ఫైల్ ఒకటి కూర్చుని ఉంది. తెరిస్తే ఒకే ఒక్క పొడుగాటి లైన్, అర్థం కాని అక్షరాల గుంపు, దాని ముందు ఇవాల్ అనే మాట. అంటే బయట నుంచి ఏ ఆజ్ఞ వచ్చినా నడిపించే తలుపు అది. కస్టమర్లు "ఇలాంటి చీర కావాలి" అని ఫోటో పంపడానికి పెట్టిన ప్లగిన్ (సైట్‌కు అదనంగా తగిలించే ప్రోగ్రామ్) నుంచి అది లోపలికి వచ్చింది. ఆ ప్లగిన్‌కు అప్‌డేట్ వచ్చి చాలా నెలలైంది, ఎవరూ నొక్కలేదు. ఆర్నెల్లుగా సైట్ నా చేతిలో ఉన్నప్పుడు నేను నొక్కి ఉండాల్సింది.

ఫైల్ ఎక్కించే అవకాశం ఇస్తే ఈ జాగ్రత్తలన్నీ కలిపి తీసుకోండి, ఒక్కటి చాలదు. జేపీజీ, పీఎన్‌జీ లాంటి మీకు కావలసిన ఎక్స్‌టెన్షన్లనే అనుమతించండి. పేరు చూసి నమ్మకుండా లోపల నిజంగా బొమ్మే ఉందా అని పీహెచ్‌పీలోని ఫైల్‌ఇన్ఫోతో చూడండి, వీలైతే ఆ బొమ్మను సర్వర్‌లో మళ్లీ కొత్తగా సేవ్ చేయండి. వాళ్లిచ్చిన పేరు పక్కన పెట్టి మీరే ఒక ర్యాండమ్ పేరు పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా సర్వర్ సెట్టింగ్‌లో ఆపేయండి. అది ఒక్కటి ఉండి ఉంటే గద్వాలలో ఆ ఫైల్ లోపలికి వచ్చినా చచ్చిన పాములా పడి ఉండేది.

అప్‌డేట్ల సంగతి చిన్నగా తీసుకోవద్దు. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ రిపోర్టుల కంపెనీ నుంచి 14 కోట్ల మందికి పైగా జనం వివరాలు పోయాయి, దారి ఇచ్చింది అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం. దానికి మందు మార్చిలోనే వచ్చింది, దొంగలు మే నుంచి లోపల ఉన్నారు. వారంలో ఒక రోజు పెట్టుకోండి, నేను గురువారం పొద్దున చూస్తాను, ముందు బ్యాకప్ తీసి తర్వాత అప్‌డేట్ నొక్కుతాను. వాడని ప్లగిన్లను ఆపడం కాదు, తీసేయండి. డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్‌ను ఉచితంగా ఇచ్చే సైట్ల జోలికి అస్సలు వెళ్లొద్దు, వాటిలో దొంగ తలుపు ముందే బిగించి ఇస్తారు.

పబ్లిక్ ఫోల్డర్‌లో మర్చిపోయిన సామాను కూడా చూసుకోండి. బ్యాకప్ జిప్, డేటాబేస్ డంప్, డాట్ ఈఎన్‌వీ (పాస్‌వర్డ్‌లు ఉండే సెట్టింగ్ ఫైల్), డాట్ గిట్ ఫోల్డర్ (కోడ్ చరిత్ర ఉండేది) లాంటివి అక్కడుంటే పేరు ఊహించి ఎవరైనా దించుకుంటారు. పనికాలేదని ఫోల్డర్లకు 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు) ఇచ్చి వదిలేస్తుంటారు, ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 మామూలుగా సరిపోతాయి.

పాస్‌వర్డ్‌లను ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతిలో దాచడం దాచినట్టు కాదు, అది మరీ వేగంగా లెక్కయ్యేది కాబట్టి దొంగ కూడా అంతే వేగంగా ఊహించి సరిచూసుకుంటాడు. పాస్‌వర్డ్ హ్యాష్, పాస్‌వర్డ్ వెరిఫై అనే ఫంక్షన్లు పీహెచ్‌పీ 5.5 నుంచి ఉన్నాయి, అవే వాడండి. తప్పు పాస్‌వర్డ్ వరసగా కొడుతుంటే కాసేపు ఆపండి, అడ్మిన్‌కు రెండో దశ ఓటీపీ యాప్ పెట్టండి, లాగిన్ కాగానే సెషన్ నంబరు మార్చండి. దుకాణం పేరు పక్కన 123 పెట్టే అలవాటు మాన్పించండి, ఓనర్లకు కోపం వచ్చినా సరే. హెచ్‌టీటీపీఎస్ కోసం డబ్బులు పెట్టాల్సిన పని లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే.

ఇవన్నీ మీ సైట్ మీద, లేదా ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకున్న సైట్ మీదే పరీక్షించండి. సరదాకు వేరేవాళ్ల సైట్‌లో కొటేషన్ గుర్తు కొట్టి చూసినా మీకే చుట్టుకోవచ్చు. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 66 కింద, మోసపు ఉద్దేశం ఉంటే, మూడేళ్ల వరకు జైలు లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లకు ఇది గట్టిగా చెప్తున్నాను.

ఇప్పటికే హ్యాక్ అయ్యిందంటే

కంగారులో ఫైళ్లు చెరిపేయకండి. ఉన్నదున్నట్టు మొత్తం ఒక కాపీ, లాగ్‌లతో సహా, పక్కన పెట్టండి. ఎలా వచ్చారో తెలిసేది దాని నుంచే. తర్వాత సైట్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టి, మీ కంప్యూటర్‌లో వైరస్ లేదని చూసుకుని హోస్టింగ్, ఎఫ్‌టీపీ, డేటాబేస్, అడ్మిన్, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. మీకు తెలియని అడ్మిన్ యూజర్, మీరు పెట్టని క్రాన్ జాబ్ (సర్వర్‌లో టైముకు తనంతట తానే నడిచే పని), మారిన డాట్ హెచ్‌టీయాక్సెస్ (సర్వర్ సెట్టింగ్ ఫైల్), ఈ మూడూ తప్పకుండా చూడండి, దొంగ తలుపు ఒక్కటే ఉండదు. గద్వాల సైట్‌లో మొదటి ఫైల్ తీసేసిన మర్నాడే అది మళ్లీ వచ్చి కూర్చుంది, ఒక క్రాన్ జాబ్ దాన్ని తిరిగి తెచ్చి పెడుతోంది. అందుకే ఏరుతూ కూర్చోవడం కన్నా హ్యాక్‌కు ముందటి బ్యాకప్ ఎక్కించి, లోపం ఉన్న ప్లగిన్ సరిచేయడం నయం. ఆ బ్యాకప్ హోస్టింగ్ అకౌంట్‌లోనే ఉంటే అది కూడా పోతుంది కాబట్టి ఒకటి బయట ఉండాలి, మూడు నెలలకోసారి దాన్ని నిజంగా ఎక్కించి చూడాలి.

కంపెనీలు, సంస్థలు ఇలాంటి ఘటన గమనించిన ఆరు గంటల్లోపు సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కూడా అందులోనే ఉంది. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గద్వాల సైట్ నాలుగు రోజులకు శుభ్రమైంది. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (వెతుకులాటలో తన సైట్ ఎలా కనిపిస్తోందో ఓనర్ చూసుకునే చోటు) దొంగలు తమను ఓనర్‌గా చేర్చుకుని ఉన్నారు, వాళ్లను తీసేసి కొత్త సైట్‌మ్యాప్ (అసలు పేజీల జాబితా) ఇచ్చాం, జపాన్ పేజీలు వెతుకులాటలోంచి పూర్తిగా పోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. సైట్‌లో కస్టమర్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. "వాళ్లకు చెప్తే దుకాణం పేరు పోతది కదా" అని ఆయన మొదట వెనకాడాడు. మరుసటి రోజు పొద్దున్నే ఆయనే పిలిచి లిస్ట్ ఇవ్వమన్నాడు, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని రెండు వందల పైచిలుకు మందికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "అమ్మా, మా సైట్ల మీ నంబరు ఉండే, దొంగలు చొరబడ్డరు, అదే పాస్‌వర్డ్ వేరే దగ్గర పెట్టుకుంటే మార్చుకోండి, మా పేరు చెప్పి ఎవరన్న డబ్బులు అడిగితే ఇయ్యకండి" అని చెప్పాడు.